గ్యాస్ బిళ్ళే కదా!

పెళ్ళిళ్ళలో అసలు విషయాలు పందిట్లో కంటే చేతులు కడుక్కునే చోటే ఎక్కువ తెలుస్తాయి. పోయిన శ్రావణంలో తెనాలిలో మా దగ్గరివాళ్ళ పెళ్ళి. భోజనం అయ్యి నేను కుళాయి దగ్గర నిలబడి ఉంటే, గోడకి అవతల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"చూశావా వదినా ఆవిడ చేతులు? రెండూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. జబ్బ దగ్గరైతే నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డట్టున్నాయి."

"గుండెకి స్టెంట్లు వేశారంట కదా."

"గుండెకి వేస్తే చేతులెందుకు కములుతాయే? కోడలి దగ్గరే ఉంటోందిగా!"

ఆ తర్వాత ఒక నిట్టూర్పు. మిగతా వాక్యమంతా ఆ నిట్టూర్పులోనే పూర్తయిపోయింది.

ఆ కోడల్ని నేనే.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే ఆ నాలుగు వేళ్ళూ నిజంగా నావే. ముందురోజు ఆటో దిగుతూ అత్తయ్య తూలితే గబుక్కున జబ్బ పట్టుకున్నాను. మామూలు మనిషికైతే అది పట్టుకోవడం. మా అత్తయ్యకి అది పది రోజుల పాటు చెరగని సాక్ష్యం. గోడ దాటి వెళ్ళి "అమ్మా, అది బిళ్ళల వల్ల" అని చెప్పొచ్చు. చెబితే నమ్ముతారా? నేనైతే నమ్ముతానా? తడి చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చేశాను. మావారికి కూడా చెప్పలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అత్తయ్యకి 67 ఏళ్ళు. పోయినేడు రోహిణీ కార్తెలో, ఆవకాయ జాడీలు కట్టేసిన రెండో రోజు, దవడ లాగుతోందన్నారు. ఒళ్ళంతా చెమటలు. ఎండకేమో అనుకున్నాం, గ్యాసేమో అనుకున్నాం. మజ్జిగలో వాము పొడి వేసి కూడా ఇచ్చాను. పక్కింటాయన "ముందు ఈసీజీ తీయించండి, మజ్జిగ తర్వాత" అని కసరకపోతే ఏమయ్యేదో. గుంటూరులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మణికట్టు దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, రెండు చోట్ల స్టెంట్లు వేశారు. నాలుగో రోజుకి ఇంటికి వచ్చేశాం. కోత లేదు, కుట్లు లేవు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "అబ్బే, ఈ రోజుల్లో ఇదేమంత పెద్దదని" అని హార్లిక్సు సీసా పెట్టి వెళ్ళారు.

పెద్దదంతా ఆ తర్వాత మొదలయ్యింది.

చీటీలో చాలా మందులున్నాయి. అందులో ముఖ్యమైనవి రెండు. రోజుకోసారి ఆస్పిరిన్ 75, పొద్దున్నా రాత్రీ టికాగ్రెలార్ 90. "ఇవి ఏడాది పాటు ఒక్క పూట కూడా మానకూడదు. ఎవరు చెప్పినా సరే, నన్నడగకుండా ఆపకూడదు" అని డాక్టరుగారు ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ చెప్పారు. చివర్న "పరగడుపున పాంటాప్రజోల్" అని ఇంకొకటి రాశారు. దాని కింద ఏ గీతా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

రక్తం పలచబడే మందులని మనం అంటాం గానీ, రక్తం నీళ్ళ సాంబారులా పలచబడదు. డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే తెలియని ఇల్లు లేదు కదా. ఎక్కడైనా దెబ్బ తగిలితే అవి పరుగెత్తుకొచ్చి ఒకదానికొకటి అతుక్కుని చిల్లు పూడుస్తాయి. స్టెంటంటే లోహపు జల్లెడ గొట్టం. లోపల కొత్త పొర పెరిగి దాన్ని కప్పేవరకూ, ఈ ప్లేట్‌లెట్లు దాన్ని కూడా గాయమే అనుకుని వచ్చి మూగితే స్టెంటు మూసుకుపోతుంది. అందుకని వాటిని అతుక్కోనివ్వకుండా చేసేవి ఈ బిళ్ళలు. లెక్క తగ్గదు, జిగురు తగ్గుతుంది. ఒక్కసారి ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, మళ్ళీ సరిగ్గా అతుక్కోదట. ఇది తెలియక మా చుట్టాలొకావిడ బొప్పాయి ఆకు రసం తీసుకొచ్చారు, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని! పాపం, ఆవిడ ప్రేమ ఆవిడది.

మరి గుండెలో అతుక్కోనివి చేతిలో మాత్రం ఎందుకు అతుక్కుంటాయి? అదీ అసలు చిక్కు.

నేను చదివింది తెలుగు బీయే. కమలడం, కందడం, దోక్కుపోవడం, గీసుకోవడం, బొప్పి కట్టడం అని దెబ్బకి మనకెన్ని మాటలున్నాయో నాకు తెలుసు గానీ, అవన్నీ వారం రోజుల్లో ఒకే మనిషి ఒంటి మీద చూస్తానని అనుకోలేదు. గాజులు రాసుకున్నా నీలం మచ్చే. బీపీ పట్టీ వేస్తే దాని వెడల్పున మచ్చ. మనవడు "నానమ్మా" అని మీద పడితే మోకాలి దగ్గర మచ్చ. మొదట నీలం, తర్వాత ఊదా, ఆపైన ఆకుపచ్చ, చివరికి పసుపు. ఆరవేసిన చీరలన్నీ ఆవిడ ఒంటి మీదే ఉన్నట్టు.

రెండో వారంలో కత్తిపీట మీద బీరకాయ తరుగుతూ వేలు తెగింది. అది మామూలుగా పసుపు అద్ది మర్చిపోయే గాయం. పైట చెంగు తడిసిపోయింది. మేం తుడిచి చూడడం, మళ్ళీ కారడం. ఫోనులో నర్సు చెప్పింది, "ఊరికే తీసి తీసి చూడకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గడియారం చూసి గట్టిగా అదిమి పట్టుకోండి" అని. ఆగింది. ముక్కులోంచి రక్తం వచ్చినప్పుడూ అంతే. చిన్నప్పుడు మనకి తల వెనక్కి వాల్చమని చెప్పేవాళ్ళు కదా, అది తప్పట. ముందుకి వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని పదీ పదిహేను నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. కత్తిపీట అటక ఎక్కింది. మెత్తటి బ్రష్షు వచ్చింది. మట్టిగాజులు మాత్రం ఆవిడ తియ్యనన్నారు, నేనూ అడగలేదు.

ఒక రాత్రి రెండింటికి లేచి కూర్చుని "ఊపిరి అందట్లేదమ్మాయ్" అన్నారు. మళ్ళీ గుండేనేమో అని పరుగు. ఈసీజీ బావుంది, పరీక్షలన్నీ బావున్నాయి. టికాగ్రెలార్ వేసుకునే కొందరిలో ఇలా ఆయాసం అనిపిస్తుందట, చాలామందికి రాను రాను తగ్గుతుందట. "మంచిపని చేశారు వచ్చి. ఆయాసం బిళ్ళ వల్లో గుండె వల్లో ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి" అన్నారు డ్యూటీ డాక్టరు. ఆ మాట నాకు నచ్చింది. రెండువేల రూపాయలు పోయాయని మావారు గొణిగితే నేను ఊరుకోలేదు.

ఇక గోంగూర గొడవ. ఎదురింటావిడ "రక్తం పలచబడే బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఆకుకూరలు తినకూడదు, మా అన్నయ్యకి డాక్టరే చెప్పాడు" అన్నారు. గుంటూరులో ఉంటూ రెండు నెలలు గోంగూర ముట్టలేదు మా ఇంట్లో. అత్తయ్యకి పెట్టకుండా మేమెలా తింటాం? పాలకూర లేదు, తోటకూర లేదు, మునగాకు లేదు. తర్వాత పరీక్షకి వెళ్ళినప్పుడు అడిగితే డాక్టరుగారు నవ్వారు. ఎదురింటావిడ అన్నయ్యకి గుండెలో కవాటం మార్చారు. ఆయన వేసుకునేది ఎసిట్రోమ్. ఆ మందుకీ ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె కీ పడదు, అందుకే వాళ్ళు ఆకుకూరలు ఒక లెక్క ప్రకారం తింటూ మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకుంటారు. ఆస్పిరిన్‌కీ, టికాగ్రెలార్‌కీ ఆ బాధ లేదు. ఒకళ్ళ పత్యం ఇంకొకళ్ళకి పెట్టకూడదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే నాలుగు కట్టలు గోంగూర కొనుక్కొచ్చాను.

ఇంతవరకూ చెప్పినవి నవ్వుకుంటూ చెప్పుకునేవే. ఇప్పుడు చెప్పేది అలా కాదు.

కార్తీకమాసం వచ్చింది. అత్తయ్యకి సోమవారాలు, ఏకాదశులు. "ఈ ఏడు వద్దండీ" అంటే "నన్ను బతికించిందే ఆ శివుడు" అన్నారు. నక్షత్రం చూసేవరకూ ఏమీ తినరు. బిళ్ళలు మాత్రం మానలేదు, కాఫీతో వేసుకునేవారు. ఎర్ర గీత అంత బాగా పనిచేసింది.

గీత లేని బిళ్ళ సంగతి వేరు. అక్టోబరులో మందులు కొనేటప్పుడు షాపులో పాంటాప్రజోల్ అయిపోయిందన్నారు, రేపు రమ్మన్నారు. "గ్యాస్ బిళ్ళే కదా, ఆవిడకి గ్యాసేమీ లేదు కదా" అనుకున్నాను. రేపు వెళ్ళలేదు. వచ్చే నెల చీటీ చదివేటప్పుడు కూడా ఆ పేరు దగ్గర కళ్ళు ఆగలేదు. ఆ బిళ్ళ గ్యాసుకి కాదనీ, రెండు రక్తం మందులూ కలిసి కడుపులో పుండు పెట్టి రక్తం కార్పించకుండా అడ్డం నిలబడే కాపలావాడనీ నేనెప్పుడూ అడగలేదు. వారం బిళ్ళలు గళ్ళ డబ్బాలో సర్దేది నేను. పొద్దుటి గడిలో ఒకటి తక్కువైందని తెలిసింది నాకొక్కదానికే. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

ఆవిడ వైపు నుంచి ఇంకొకటి జరిగింది. దీపాలు పెట్టడానికి గుడి మెట్లెక్కి మోకాళ్ళు నొప్పులు. గుళ్ళో పరిచయమైన ఒకావిడ "ఇవి వేసుకోండి, నాకు బాగా పనిచేస్తాయి" అని నొప్పి బిళ్ళలు ఒక షీటు ఇచ్చారు. డైక్లోఫెనాక్. నాకు చెబితే వద్దంటానని పూజ గూట్లో, కుంకుమ భరిణె వెనక దాచుకుని రోజూ ఒకటి వేసుకున్నారు. ఖాళీ కడుపు, రెండు రక్తం మందులు, వాటి మీద నొప్పి బిళ్ళ, కాపలాకి ఎవరూ లేరు.

మనిషి పాలిపోవడం నేను చూశాను. ఉపవాసాల వల్ల అనుకున్నాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. టికాగ్రెలార్ ఆయాసం మళ్ళీ వచ్చిందనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు ఉంది. ఆరు నెలలుగా చూసుకుంటున్నాను కదా, సగం డాక్టర్నై పోయాను మరి.

ఒకరోజు పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనకాలే వచ్చి నిలబడ్డారు. చుట్టూ చూశారు. మావారు పేపరు చదువుకుంటున్నారని నిర్ధారణ చేసుకున్నాక, నా చెవి దగ్గర చాలా మెల్లిగా అన్నారు.

"అమ్మాయ్, చెప్పకూడదు గానీ... నాలుగు రోజుల్నించి దొడ్డికి వెళ్తే నల్లగా తారులాగా వస్తోంది. వాసన కూడా అదోలా... వాడితో అనకు."

నా చేతిలో తడి లుంగీ అలాగే ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఆ మాట ఉంది. నల్లగా తారులా ఉంటే వెంటనే రావాలని. కడుపులో కారిన రక్తం కిందకి దిగేసరికి ఆ రంగుకి మారుతుంది. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది. ఆవిడ రోజూ చూస్తూనే ఉన్నారు. కానీ ఆ ఇంట్లో కొడుకున్నాడు, మనవడున్నాడు. నలుగురిలో ఆ మాట ఎలా అంటారు? గుండె నొప్పంటే చెప్పుకోవచ్చు. చుట్టాలొస్తారు, హార్లిక్సొస్తుంది. దీన్ని ఎలా చెప్పుకోవాలి?

ఆవిడని ఏమనగలను? రెండేళ్ళ కిందట నాకు నెలసరి ఆగకుండా ఇరవై రోజులు అయితే నేను మాత్రం ఎవరికి చెప్పాను?

అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాం. హిమోగ్లోబిన్ 7.2. జూన్‌లో 11.8 ఉండేది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనబడింది. అదే రక్తం చెమరుస్తోంది. అక్కడ నిలబడి మావారు డాక్టరుని అడిగిన మాట "మరి ఆ రక్తం మందులు ఆపేయండి" అని. నేనూ అదే అడిగేదాన్ని. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. అన్నీ ఒక్కసారి ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. అన్నీ ఇలాగే ఇస్తే పుండు ఆగదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటే ఏమిటో ఐదో తరగతి నుంచీ చదువుతున్నాను, అర్థం ఆ వరండాలో తెలిసింది.

గుండె డాక్టరూ, కడుపు డాక్టరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆస్పిరిన్ ఆపలేదు. టికాగ్రెలార్ ఆపి, పుండు కాస్త కుదురుకున్నాక దాని బదులు క్లోపిడోగ్రెల్ మొదలుపెట్టారు. అది కొంచెం నెమ్మదస్తురాలట. పాంటాప్రజోల్ మొదట సూదిగా, తర్వాత బిళ్ళగా. ఈసారి దాని కింద డాక్టరుగారి పెన్ను తీసుకుని నేనే ఎర్ర గీత గీశాను. ఆయన ఏమీ అనలేదు.

ఆ రాత్రి రక్తం చుక్క చుక్కా దిగుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. "అత్తయ్యా, ఆ గ్యాస్ బిళ్ళ నేనే తేలేదు. రెండు నెలలైంది." ఆవిడ కళ్ళు తెరవలేదు. కాసేపటికి "నా పూజ గూట్లో కుంకుమ భరిణె వెనక చూడు, రేపు ఇంటికెళ్ళాక" అన్నారు. అంతే. ఆ లెక్క అక్కడితో చెల్లిపోయింది. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తుకోలేదు, ఇదిగో, ఇప్పుడు ఆవిడ రాయమన్నాకే రాస్తున్నాను. "నలుగురికీ పనికొస్తుంది, రాయి. నా పేరు మాత్రం రాయకు" అన్నారు.

అందుకని ఆ నలుగురి కోసం మేం నేర్చుకున్నవి చెబుతాను. గ్యాస్ బిళ్ళని గ్యాస్ బిళ్ళ అనుకోవద్దు, చీటీలో ఉంటే అదెందుకో అడగండి. మోకాలి నొప్పికి షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకోవద్దు, మాకు పారాసిటమాల్ ఒక్కటే రాసిచ్చారు, అదీ లెక్క ప్రకారం. పన్ను పీకే డాక్టరు "ఓ వారం బిళ్ళలు ఆపి రండి" అంటే, ముందు గుండె డాక్టరుకి ఫోను చేయండి. వేసుకునే మందుల పేర్లన్నీ రాసిన కాగితం ఆవిడ పర్సులోనూ నా పర్సులోనూ ఉంటుంది. ఇనుము బిళ్ళలు మొదలుపెట్టాక కూడా రంగు నల్లగానే మారుతుంది, దానికి మేం మళ్ళీ హడలిపోయాం. మాకు చెప్పిందేమిటంటే, తారులా జిగటగా, చెడు వాసనతో ఉంటే ప్రమాదం. అనుమానంగా ఉంటే అడిగేయడమే.

టికాగ్రెలార్ మానేశాక ఆయాసం పోయింది. మచ్చలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

సంక్రాంతికి చుట్టాలొచ్చారు. తెనాలి పెళ్ళిలో గోడ అవతల వినబడిన గొంతు మా హాల్లోనే కూర్చుని అరిసె తింటోంది. అత్తయ్య ఆవిడ పక్కనే కూర్చుని జాకెట్టు చెయ్యి కొంచెం పైకి లాగారు. "చూడవే, ఇక్కడే కదూ ఆ రోజు నువ్వు నన్నడిగావు, ఎవరు పట్టుకున్నారని? నా కోడలి వేళ్ళేనే అవి. ఆ పూట అది పట్టుకోకపోతే తుంటి విరిగి మంచంలో ఉండేదాన్ని. ఇంకో అరిసె తిను."

నేను వంటింట్లో ఉన్నాను. బాణలి కింద మంట తగ్గించుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఆవిడకీ తెలుసన్నమాట. నాకు చెప్పలేదు, నేనూ ఆవిడకి చెప్పలేదు. ఎవరి బాధ వాళ్ళం దాచుకోవడంలో మేమిద్దరం ఒకటే.

ఇప్పుడు మాత్రం ఒకటి దాచట్లేదు. రోజూ పొద్దున్న బాత్రూమ్ నుంచి వచ్చి ఆవిడ నాతో ఒక మాట చెప్పాలి, అది మా ఒప్పందం. అందరి ముందూ చెప్పలేరు కనుక దానికో గుర్తు పెట్టుకున్నాం. అంతా మామూలుగా ఉంటే, "ఇవాళ కాఫీ బావుందమ్మాయ్" అంటారు.

మొన్న మావారు కప్పు కింద పెట్టి నన్ను పక్కకి పిలిచారు. "అమ్మకి నాలుక రుచి పోయినట్టుంది, ఓసారి డాక్టరుకి చూపిద్దామా? నీ కాఫీ నీళ్ళలా ఉన్నా రోజూ బావుందంటోంది."

చూపిద్దాం లెండి అన్నాను.